దూది బేళ్ల మీద మూడు వేళ్ల తడి

మా నాన్న బడిపంతులు. చిన్నప్పుడు పెరట్లో ఏదో తెల్లగా కదిలిందని నేను అరిస్తే, లాంతరు నా చేతికే ఇచ్చి, పోయి అదేమిటో చూసి రమ్మనేవాడు. ఏడుస్తూ పోయేదాన్ని. పోయి చూస్తే ఆరేసిన పంచె ఉండేది, లేకుంటే పక్కింటి మేక. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా నేను చూసిన ప్రతి దయ్యమూ పంచో మేకో అయింది. దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నాకు జాలి వేసేది. ఇప్పుడు కూడా నేను దయ్యాన్ని చూశానని చెప్పబోవడం లేదు. ఏం చూశానో అది మాత్రం చెబుతాను.

ఆ రోజు డైరీ పేజీ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. జరిగి మూడేళ్లయింది. మరిచిపోయానని కాదు. నాకు గుర్తున్నది నాకే నమ్మబుద్ధి కాక.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. మా బావ అలాంటి ఒక గుడారంలో గుమాస్తా. గాలి లేచిన రోజు కాగితాల మీద రాళ్లు పెట్టుకుని పనిచేస్తామని చెప్పేవాడు. నేను కడప పక్క మా ఊరినుంచి వచ్చి అక్కా బావల దగ్గర ఉండేదాన్ని. ఎస్సెల్సీ పాసయ్యాను. నలుగురిలో నోరు తెరవాలంటే చెమటలు పట్టేవి. చేతిలో పుస్తకం ఉంటే ఇంట్లో నేనున్న సంగతే ఎవరికీ తెలిసేది కాదు.

"దీన్ని ఇట్లనే వదిలేస్తే గోడకు బల్లి మాదిరి అతుక్కపోతాది" అని అక్క రోజూ బావ ప్రాణం తీసి, చివరకు ఊరి బయట ఒక జిన్నింగు మిల్లులో నాకు పని ఇప్పించింది.

పత్తిలోంచి గింజ తీసి, దూదిని ఇనుప పట్టీలు వేసి బేళ్లుగా, పెద్ద పెద్ద కట్టలుగా బిగించే మిల్లు అది. మిషన్లకు పత్తి అందించేది ఆడవాళ్లే. వాళ్ల హాజరు వేయడం నా పని. గేటు పక్కన చిన్న గది, బల్ల, గోడ గడియారం, ఒక కిటికీ. ఆడవాళ్లు నాకు రాతలమ్మ అని పేరు పెట్టారు. అందరిలోకీ పెద్ద నోరు ఓబులమ్మది. పొద్దున్నే కిటికీలో తల పెట్టేది.

"రాతలమ్మా, నేను వచ్చినానని రాసినావా? ఒకసారి తలెత్తి రాయమ్మా. నీ మొగం ఎట్లుంటాదో మేము గూడా సూస్తాము."

నేను తలెత్తేదాన్ని కాదు. వెనకున్న వాళ్లంతా నవ్వేవాళ్లు.

దూది ఉన్నచోట నిప్పు భయం ఉంటుంది. అందుకోసం మిల్లు ఆవరణలో నాలుగు స్తంభాల మీద పెద్ద ఇనుప ట్యాంకు, దాన్నుంచి గోడౌన్ల గోడల వెంబడి గొట్టాలు, అక్కడక్కడా కుళాయిలు పెట్టారు. పొగ కనిపిస్తే కుళాయి తిప్పాలి, నీళ్లు దూకుతాయి. ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు ట్యాంకు అడుగు తుప్పుపట్టి చిల్లులు పడింది. ఉన్న నీళ్లు వదిలేశారు. కొత్త రేకులు మద్రాసునుంచి రావాలి. అవి వచ్చేదాకా గొట్టాల్లో గాలి తప్ప ఏమీ లేదు.

బీమా కంపెనీ తరఫున ఒకాయన వచ్చి అంతా చూశాడు. మిల్లు ఆడాలంటే ఒక షరతు పెట్టాడు. ట్యాంకు నిండేదాకా ఒక మనిషి నిప్పు కాపలా తిరగాలి. అరగంటకొకసారి మిల్లంతా చూడాలి. అతనికి వేరే ఏ పనీ చెప్పకూడదు. చూసిన ప్రతిసారీ ఒక పుస్తకంలో వేళ, చూసినప్పుడు ఎలా ఉందీ, చూసినవారు ఎవరూ అన్నది పడాలి. పుస్తకం సరిగా లేకపోతే బీమా లేదు, బీమా లేకపోతే మిల్లు మూతే.

ఆ కాపలా ఖాసీం సాయిబుకు ఇచ్చారు. వయసు అరవై దాటి ఉంటుంది. ఒకప్పుడు మిషను మీద పనిచేస్తూ ఎడమచేతి చిటికెనవేలు, దాని పక్క వేలు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి గేటు కాపలా. గేటు పక్కనే మిల్లు వాళ్లిచ్చిన ఒంటిగదిలో ముసలి దంపతుల కాపురం. నేను తాతా అని పిలిచేదాన్ని.

పని అప్పగించేటప్పుడు మేనేజరు రామసుబ్బయ్య గారు నా ముందే అన్నారు. "సాయిబూ, ఒక్క తూరి తప్పినా నీకు ఈ మిల్లులో పనీ లేదు, ఆ గదీ లేదు. తెలిసిందా?"

"తెలిసిందయ్యా. మీ అగ్గిపెట్టె ఇట్లియ్యండి" అన్నాడు ఖాసీం తాత.

మేనేజరు గారు ఆయన్నీ, ఆయన చాచిన చేతినీ చూసి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఇచ్చారు. మరునాడు సావుకారు కారు దిగితే ఆయన్నీ అడిగాడు. సావుకారు నవ్వి, నా మిల్లు నేను కాల్చుకుంటానా అన్నాడు. "మీరు కాల్చరు సామీ. అగ్గిపుల్లకు మీరెవురో తెలీదు గదా" అన్నాడు తాత. సావుకారు కూడా ఇచ్చాడు.

ఓబులమ్మ దగ్గర మాత్రం పెద్ద గొడవ. ఆమెకు చుట్ట లేకుండా పొద్దుపోదు.

"నీ గడ్డం గాల! నా సుట్ట నీకేం సేసిందప్పా?"

"సుట్ట వద్దు ఓబులమ్మా. అగ్గిపెట్టె ఇయ్యి సాలు. సుట్ట నోట్లో పెట్టుకోని ఊరికె నములుకో."

"నువ్వు బీడీ తాగల్యా?"

"కొత్త రేకులు వచ్చేదంకా మానుకుంటి."

నిజంగానే మానుకున్నాడు. నలభై ఏళ్ల అలవాటు. మొదటి నాలుగు రోజులు ఆయన చెయ్యి బీడీ కోసం జేబులోకి పోయి ఖాళీగా వెనక్కి రావడం నేను కిటికీలోంచి చూశాను.

చదువు రాదు కాబట్టి అరగంటకొకసారి నా కిటికీ దగ్గరికి వచ్చేవాడు. "సల్లగా ఉండాదమ్మా, రాసుకో" అనేవాడు. నేను గడియారం చూసి వేళ వేసి, చల్లగా ఉంది అని రాసేదాన్ని. చూసినవారు అన్న గడిలో ఆయన కుడి బొటనవేలు అద్దేవాడు. అద్దేముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేవాడు. ఇప్పుడు తిరిగి వచ్చినదంతా మనసులో మరోసారి తిరిగి చూసుకుంటున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

ఆయన తిరిగే తీరు కూడా చెప్పాలి. కుడి మోచేతికి తాడుతో నీళ్ల చెంబు తగిలించుకుని బయలుదేరేవాడు. నిప్పు ఆర్పడానికి చెంబెడు నీళ్లా అని మగవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. నాకూ అదేమిటో తెలియలేదు. అడగడానికి సిగ్గు. చివరకొక రోజు భోజనాల వేళ ఆయన వెనకే గోడౌనులోకి నడిచాను.

బేళ్లు వరుసలుగా ఉన్నాయి. తాత మూడు వేళ్ల అరచేతిని చెంబులో ముంచి, మొదటి బేలు గోనెపట్టా మీద అదిమాడు. తర్వాత దాని పక్క బేలు మీద, తర్వాతదాని మీద. వరుస చివరిదాకా తడి చేతి గుర్తులు వేసుకుంటూ పోయాడు. చివరికి పోయాక వెనక్కి తిరిగి, ఆ గుర్తుల్ని చూస్తూ నడిచి వచ్చాడు.

నేను అడగకుండానే చెప్పాడు. "మిషన్లో రాయో మొలో పడి మిణుగురు లేస్తాది సూడు, అది దూదితో పాటు బేలు లోపలికి పోతాదమ్మా. పైకి పొగ ఉండదు, వాసన ఉండదు. ఒక నాడు, రెండు నాళ్లు అట్లనే లోపల్లోపలే కాలతా ఉంటాది. చెయ్యి పెడితే తెలీదు. ఈ రేకుల కింద ఎండకాలంలో అన్నీ వేడిగానే ఉంటాయి. అందుకే తడి పెడతాండా. తడి అన్నిట్లోనూ ఆరతాది. పక్కదానికంటే ముందు యాడ ఆరిందో అదే సూడాల."

"అట్లాంటిది దొరికితే?" అన్నాను. మిల్లులో చేరాక నేను ఎవరినైనా అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో.

"బయటికి ఈడ్సాల. శానా దూరంగా. అంతవరకు ఇనుప పట్టీలు తెంపనే కూడదు. బిగించి ఉన్నంతసేపు నిప్పుకు గాలి అందదు. ఈడనే తెంపితే గాలి తగులుతాది, ఇంగ పండగే. అందరూ చేసే తప్పు అదే. నీళ్లు లోపలికి పోవాలని ముందు పట్టీలు తెంపుతారు."

ఆ రాత్రి డైరీలో నాలుగు పేజీలు ఆయన గురించే రాశాను. పుస్తకాల్లో చదివిన గొప్పవాళ్లంతా ఎక్కడో ఉంటారనుకునేదాన్ని. చెంబు పట్టుకుని నా కిటికీ దగ్గరికి అరగంటకొకసారి వస్తారనుకోలేదు.

ఇక ఆ రోజు సంగతి.

మేనేజరు గారు పని మీద ఆదోని పోయారు. పది గంటలప్పుడు కోడుమూరు నుంచి ఒక మనిషి వచ్చాడు. తాత కూతురు కాన్పుకు అక్కడే అత్తగారింట్లో ఉంది. తాత భార్య కూడా అక్కడికే పోయింది. ముందురోజు రాత్రినుంచి నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగిందట. కూతురు నాయన కావాలంటోందట.

తాత పది గంటల వేలిముద్ర వేసి, నా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. పోతే పనీ గదీ పోతాయి. పోకపోతే ఏం పోతుందో చెప్పనక్కర లేదు. కోడుమూరు బస్సు పదిన్నరకు గేటు ముందు ఆగుతుంది.

"పో తాతా" అన్నాను. "నాగిరెడ్డికి చెప్పి పో."

నాగిరెడ్డి ఫిట్టరు. ఆ పొద్దు ట్యాంకు మీద మనుషులతో తుప్పు గీకిస్తున్నాడు. తాత కింద నిలబడి మూడుసార్లు అరిచి చెప్పాడు. అరగంటకొకసారి. చెంబు గోడౌను తలుపు దగ్గర ఉంది. తడి పెట్టి చూడాల. నాగిరెడ్డి పైనుంచి చెయ్యి ఊపి, "పో సాయిబూ, పో! నేను సూసుకుంటాలే. నీకు మనవడు పుడితే బెల్లం తీసుకరా" అన్నాడు. పదిన్నర చుట్టు తాతే పరుగు మీద తిరిగి వచ్చి, వేలు అద్ది, కదులుతున్న బస్సు పట్టుకున్నాడు. ఎక్కడం నేను చూశాను.

పదకొండయింది. కిటికీ దగ్గరికి ఎవరూ రాలేదు.

పదకొండున్నర. ఎవరూ రాలేదు. ట్యాంకు మీద సుత్తి చప్పుడు వినిపిస్తోంది. పోయి అరిచి పిలిస్తే సరిపోయేది. అక్కడ పదిమంది మగవాళ్లున్నారు. అంత ఎత్తుకు వినబడేలా నేను అరవాలి. డైరీలో ఇలా ఉంది: "మూడుసార్లు లేచాను. మూడుసార్లు కూచున్నాను." పన్నెండుకు మిషన్లు ఆగాయి. ఆడవాళ్లు సద్దిమూటలు తీసుకుని నీడకు పోయారు. గోడౌను పక్క షెడ్డులో దూలాలకు కట్టిన చీర ఉయ్యాలల్లో పసిపిల్లలు నిద్రపోతున్నారు. పుస్తకంలో మూడు గడులు ఖాళీ.

తాతను పొమ్మన్నది నేను. ఆ ఆలోచన పన్నెండున్నరకు నన్ను లేపింది. నాగిరెడ్డిని పిలిచే ధైర్యం రాలేదు కానీ, తాత చేసిన పని నేనే చేస్తాననుకున్నాను.

గోడౌను తలుపు దగ్గర చెంబు ఉంది. తాత ఉంచిన చోటే, మూత వేసి. మూత తీశాను. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. ఇది ముఖ్యం కాబట్టి రాస్తున్నాను.

లోపల గాలి లేదు. రేకుల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా పడుతోంది. మొదటి వరుస దగ్గర చెంబు దించి, చెయ్యి ముంచబోయి ఆగిపోయాను.

మొదటి బేలు మీద తడి చెయ్యి ఉంది.

అరచెయ్యి, బొటనవేలు, రెండు వేళ్లు. మిగతా రెండు వేళ్లు ఉండవలసిన చోట చిన్న మొండి గుర్తులు. దాని పక్క బేలు మీద కూడా. ఆ పక్కదాని మీద కూడా. వరుస చివరిదాకా, ఆయన అదిమే ఎత్తులోనే.

తాత బస్సు దిగి వెనక్కి వచ్చేశాడనుకున్నాను. నాకు ప్రాణం లేచి వచ్చింది. "తాతా!" అని పిలిచాను. జవాబు లేదు. "తాతా, నీ కూతురికెట్ల ఉంది?" అన్నాను. నా గొంతు రేకులకు తగిలి వెనక్కి వచ్చింది. నాలుగు వరుసల చివరలూ చూశాను. ఎవరూ లేరు. ఆ గోడౌనుకు తలుపు ఒక్కటే.

ఒక గుర్తు మీద వేలు పెట్టాను. తడి నా వేలికి అంటింది. చల్లగా ఉంది. బావినుంచి అప్పుడే తోడిన నీళ్లంత చల్లగా. చెంబులో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

భయపడ్డానా అంటే, లేదు. భయపడే తీరిక లేదు. ఆయన చెప్పినట్టే వరుస చివరికి పోయి, వెనక్కి తిరిగి, గుర్తులు చూస్తూ నడిచాను. రెండో వరుస. మూడో వరుస. అన్నీ తడిగా నల్లగా ఉన్నాయి. మూడో వరుసలో ఏడో బేలు మీద తడి లేదు. చెయ్యి ఆకారం మటుకు ఉంది, అంచు వెంబడి సన్నటి గీతలాగా, ఆరిపోయి.

చెంప ఆనించాను. పక్క బేలుకూ ఆనించాను. తేడా చాలా కొంచెం. గోనెపట్టాకు ముక్కు పెడితే, ఇస్త్రీ కింద బట్ట మాడబోయే ముందు వచ్చే వాసన.

పరుగెత్తి గేటు దగ్గర గంట కొట్టాను. ముందు వచ్చింది ఓబులమ్మ. ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను. ఆమె బేళ్ల వంక చూసి నిలబడిపోయింది.

"సాయిబు వచ్చినాడే! యాడుండాడు?"

"రాలేదు."

"రాకుండా ఇవేంది? ఇవి ఆయప్ప చేతులే గదా!"

మేం చూస్తుండగానే గుర్తులు ఆరిపోవడం మొదలైంది. ఒకదాని వెంట ఒకటి కాదు. అన్నీ ఒకేసారి. నాగిరెడ్డి, మగవాళ్లు వచ్చేసరికి గోనెపట్టాలు మామూలుగా ఉన్నాయి. కాబట్టి వాటిని చూసింది ఇద్దరమే.

నాగిరెడ్డి ఏడో బేలు మీద చెయ్యి పెట్టి, మొహం తెల్లబోయి, గొడ్డలి తెమ్మన్నాడు. "నీళ్లు తెండిరా! పట్టీలు తెంపితే గాని లోపలికి పోవు!"

"తెంపొద్దు!"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. అరిచింది నేనే కాకపోతే, ఎవరా అని నేనూ తిరిగి చూసి ఉండేదాన్ని.

"తెంపొద్దు నాగన్నా! ఈడ గాలి తగిలితే అంతా పోతాది. పక్క షెడ్డులో పిల్లోళ్లున్నారు. బయటికి ఈడ్సండి ముందు!"

"ఓయమ్మ! రాతలమ్మకు గొంతుండాదే" అంది ఓబులమ్మ, అంత గండంలోనూ. తర్వాత మగవాళ్ల మీద పడింది. "ఇంగా సూస్తాండారేమప్పా? ఈడ్సండి!"

ఇనుప కొక్కేలు వేసి ఆ బేలును గోడౌను దాటించి, ఆవరణ దాటించి, అవతలి బీడులో ఇసుక పోసి ఉన్నచోటికి లాగారు. ఆడవాళ్లు ఆలోగా ఉయ్యాలల్లో పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తారు. బీడులో పట్టీలు తెంపారు. దూది పొరలు విచ్చుకున్నాయి. నడిమధ్య ముంతంత గుంట, అంచులు ఎర్రగా. గాలి తగిలీ తగలగానే మనిషెత్తు మంట లేచింది. దాన్ని ఇసుకతో కప్పడానికి పదిమందికి అరగంట పట్టింది. మంట ఆరిపోయాక అందరూ వెనక్కి తిరిగి గోడౌను వైపు చూస్తూ నిలబడ్డారు.

మరునాడు మధ్యాహ్నం తాత వచ్చాడు. కూతురూ బిడ్డా క్షేమం. ఆడపిల్ల. నాగిరెడ్డికి బెల్లం తెచ్చాడు. నేరుగా మేనేజరు గారి గదికి పోయి నిలబడ్డాడు. నన్ను పుస్తకం తెమ్మన్నారు. నాగిరెడ్డి తలుపు దగ్గర తల వంచుకుని ఉన్నాడు.

మేనేజరు గారు కోపంగా లేరు. అదే నాకు ఆశ్చర్యం. పుస్తకం తెరిచి, ఖాళీ గడుల మీద వేలు పెట్టారు.

"సాయిబూ, ఎల్లుండి బీమా ఆయన వస్తాడు. పదకొండు, పదకొండున్నర, పన్నెండు, పన్నెండున్నర. నాలుగు వేలిముద్రలు వెయ్యి. నువ్వు ఊరిడిచి పోలేదు. పన్నెండున్నరకు వేడి బేలు కనిపెట్టింది నువ్వే. ఓబులమ్మ అందరికీ అదే చెప్తాంది, నీ చేతి గుర్తులు చూసినానని. నీ పని నీకుంటుంది. సావుకారు ఏదన్నా ఇనాం కూడా ఇస్తాడు."

నేను లోలోపల వెయ్యమని వేడుకుంటున్నాను. నాలుగు వేలిముద్రలు. ఎవరికి నష్టం?

తాత పుస్తకం వంక చూశాడు. వేలిముద్ర వేసేముందు ఆగినట్టే ఆగాడు.

"నేను ఈడ లేనయ్యా."

"లేవని నాకు తెలీదా? అందుకే చెప్తాండా."

"నేను సూడని బేలును సల్లగా ఉండాదని ఎట్ల చెప్పేది? రేపు ఇంగొకడు నా పుస్తకం సూసి, సాయిబు సూసినాడులే అని నిద్రపోతాడు. పని తీసేస్తే తీసేయండి. గది సాయంకాలానికి ఖాళీ చేస్తా."

"తప్పు నాదయ్యా" అన్నాడు నాగిరెడ్డి గుమ్మంలోంచి. "మర్సిపోతి."

నా చేతులు చెమట పట్టాయి. అయినా నోరు తెరిచాను. ఆయన్ను పొమ్మన్నది నేనేనని, మూడు చుట్లు తప్పినప్పుడు చూస్తూ కూచున్నది నేనేనని చెప్పాను. చెప్పి, ఎవరూ అడగకుండానే కలం తీసి మూడు గడుల్లో "ఎవరూ చూడలేదు" అని రాశాను. పన్నెండున్నర గడిలో "మూడో వరుస, ఏడో బేలు, వేడి" అని రాశాను. మేనేజరు గారు తల పట్టుకున్నారు. ఎల్లుండి ఆ బీమా ఆయన ఏమంటే అదేనని, అంతవరకు తిరగమని తాతకు చెప్పారు.

బీమా ఆయన సన్నగా, కళ్లద్దాలతో, మాట తక్కువ మనిషి. పుస్తకం మొదటి పేజీనుంచి చదివాడు. ఆ పేజీ దగ్గర ఆగి, "ఎవరూ చూడలేదు" అన్న మాటను మూడుసార్లూ వేలితో తడిమాడు. ఇన్ని మిల్లులు తిరిగానుగానీ ఇలా రాసుకున్న పుస్తకం చూడలేదన్నాడు. మిగతావన్నీ నిజంగానే చూశారని ఇప్పుడు నమ్మవచ్చునన్నాడు. మిల్లు ఆడనిచ్చాడు. ఒక్కడితో కాదు, తాతకు బదులు తిరగడానికి ఇంకొకరు ఉండాలన్నాడు. తాత ఓబులమ్మ పేరు చెప్పాడు. ఆమె చుట్ట మానేసి మిల్లంతటినీ తిట్టుకుంటూ తిరిగింది. ఒక్క చుట్టూ తప్పలేదు.

పోయేముందు బీమా ఆయన పన్నెండున్నర గడి చూపించి, చూసిందెవరని అడిగాడు.

"నేను కాదు సామీ" అన్నాడు తాత.

"నేను కాదండీ" అన్నాను. నేను పోయేసరికే ఎవరో చూసి ఉన్నారు.

ఆయన మా ఇద్దరినీ చూసి పేజీ తిప్పాడు. ఆ గడిలో పేరు లేదు.

తర్వాత నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. అదే వేళకు, అదే గోడౌనులో, రెండు వేళ్లు మడిచి తడి చెయ్యి అదిమి చూశాను. మడిచిన వేళ్ల కణుపులు పడ్డాయి, మొండి గుర్తులు రాలేదు. ఆ తడి నేను నెమ్మదిగా రెండు వందలు లెక్కపెట్టేలోగా ఆరిపోయింది. అంటే తాత పదిన్నరకు వేసినవి పన్నెండున్నర దాకా ఉండే వీల్లేదు. ఆ మిల్లులో వేళ్లు పోయినవాళ్లు ఇంకెవరూ లేరు. చెంబులో నీళ్లు తగ్గలేదు. తాతను కోడుమూరులో బస్సు దగ్గరికి వచ్చి పిలుచుకుపోయింది అల్లుడే. ఓబులమ్మ ఇప్పటికీ తాను చూసింది చూశానంటుంది.

తాతకు నేను చూసిందంతా వివరంగా నేనే చెప్పాను, వారం తర్వాత, కిటికీ దగ్గర. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఎడమచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"సరిగ్గా ఏ వేళమ్మా అది?"

"పన్నెండున్నర."

"మధ్యాన్నం నమాజుకు చేతులు కడుక్కుంటాండా. కుడి చెయ్యి తడిసె. ఎడమ చెయ్యి ఎన్ని చెంబులు పోసినా పోసింది పోసినట్ల ఆరిపోతా ఉండె. మా అల్లుడు గూడా సూసె. ఎండ అనుకుంటిమి. ఆ యాలకే లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినపడె. ఇంగ చెయ్యి సంగతి ఎవురు తలుస్తారు?"

"ఇది కూడా పుస్తకంలో రాయనా తాతా?"

ఆయన నవ్వాడు. "నువ్వు ఇంట్లో రాసుకుంటావంట గదా, దాంట్లో రాసుకో. మిల్లు పుస్తకంలో వద్దు. దాంట్లో మనిషి పోయి సూసింది మాత్రమే ఉండాల."

చెంబు మోచేతికి తగిలించుకుని తర్వాతి చుట్టుకు బయలుదేరాడు.

ఇంట్లో రాసుకున్నదే ఇప్పుడు ఇక్కడ రాశాను. ఆ మధ్యాహ్నం గోడౌనులోకి ఎవరు పోయి చూశారో, ఎలా పోయి చూశారో నాకు తెలియదు. తెలిసినట్టు ఒక్క ముక్క కలిపి రాయడానికి నాకు చెయ్యి రాలేదు.